ఐదో కవరు

పోస్టుమాస్టరు గారికి ముసునూరు నుంచి నమస్కారాలు.

ఓడలో వంటపని చేసే మా ఆయన యలమంద చివరిసారి ఒక దీవి స్టాంపులు పంపారు. వాటి మీద నల్లటి కొండరాళ్ళ ఒడ్డు, విరిగిపడే అలలు. ఆ ఒడ్డు దగ్గరే ఓడ మునిగిందట. శవం దొరక్క, దర్భలతో బొమ్మ చేసి దహనం చేశాం.

ఆ స్టాంపు అంటిస్తే కవరు ఆ దీవికే చేరుతుందని మా అత్తయ్య నమ్మకం. "వాడికి తాండ్రంటే ప్రాణం, అమ్మాయ్" అంటూ లోపల ఓ ముక్క పెట్టి, నాచేత పేరు రాయించి డబ్బాలో వేస్తారు. స్టాంపు చెల్లదని నాలుగు కవర్లూ చీమలతో సహా తిరిగొచ్చాయి. మిమ్మల్ని తప్పుపట్టడం లేదండీ.

రెండు నెలలైనా ఐదోది తిరిగి రాలేదు. అదెక్కడుందో దయచేసి నాకొక్కదానికే చెప్పండి.

అది అత్తయ్య వేసింది కాదండీ. నేను వేసింది.

ఇట్లు,
యలమంద భార్య