ఎడమ దిక్కు కూర్చోవలసిన మనిషి

అన్నకు, తమ్ముడు నర్సింహులు పట్నం నుంచి దండాలు పెట్టి రాసే సంగతులు. ఇక్కడ నాకు ఏ లోటూ లేదు. ఒంట్లో బాగుంది, మనసు కూడా చాలావరకు బాగుంది. అమ్మ మోకాళ్ళ నొప్పి ఎట్లా ఉంది? వదిన, పిల్ల కులాసాగా ఉన్నారా? గద్వాలలో మృగశిర వాన పడిందా? ఇక్కడ రెండు జల్లులకే హాస్టల్ వరండా దాకా బురద వచ్చింది. నేను మాత్రం జారిపడలేదు. ఈ మాట అమ్మకు గట్టిగా చెప్పు.

కాలేజీ సోమవారం తెరుస్తారు. ఈ మూడు వారాల్లో నేను తయారైన తీరు చూస్తే నువ్వు నవ్వుతావు. షేర్వానీ కుట్టించాను. దర్జీ గుడ్డ మీద కత్తెర పెట్టగానే నా ప్రాణం విలవిల్లాడింది. మన ఇంట్లో మగ్గం దిగిన బట్టకు కత్తెర చూపిస్తామా? "గుడ్డ కొయ్యకుంటే అంగీ ఎట్లయితది మియా?" అని ఆయన నవ్వాడు. రూమీ టోపీ కూడా కొన్నాను. అది పెట్టుకుంటే తాలూక్దారులా ఉన్నానని నేను, పెళ్ళిలో బాజా వాయించేవాడిలా ఉన్నానని శేఖరయ్య. శేఖరయ్య నా గదిలోనే ఉంటాడు, తెలకపల్లి దిక్కు రైతుల బిడ్డ. మంచివాడు, గురక ఒక్కటే బాధ.

తిండికి కొదవ లేదు. రోజూ అన్నమే. పండగలాగా ఉంటుందనుకున్నాను గానీ, నాలుగో రోజుకే జొన్నరొట్టె మీదికి మనసు పోయింది. శేఖరయ్య వాళ్ళమ్మ కట్టిచ్చిన పల్లీల కారం మా ఇద్దరినీ కాపాడుతోంది. ఎవరైనా ఇటు వస్తే మన ఇంటి కారం కూడా ఒక డబ్బా పంపు. ఇంగ్లీషు పాఠాలు సగం ముందే చదివి పెట్టుకున్నాను. భయం లేదు. పొద్దున లేవగానే మాత్రం కాళ్ళు మగ్గం గుంట కోసం వెతుకుతాయి. అప్పుడు మీరంతా గుర్తొస్తారు, ఏడుపు వస్తుంది. ముఖం కడుక్కుంటే పోతుంది.

ఇక నీ ఉత్తరం సంగతి. శ్రావణంలో పెళ్ళి ఉన్నవాళ్ళ చీర మగ్గం మీద ఉందనీ, రాజోలి నుంచి తెచ్చిన మనిషి అంచు చెడగొట్టి పోయాడనీ రాశావు. "నీ చేతి అంచు ఎవ్వరికీ పడుతలేదు తమ్మీ. ఒక్క నెల రా. సదువు యాడికి పోతది?" అన్నావు. చదివి రెండు రోజులు అన్నం సరిగ్గా తినలేదు. చదువు ఎక్కడికీ పోదు గానీ, సీటు పోతుందన్నా. సోమవారం హాజరు పలకనివాడి సీటు ఇంకొకరికి ఇస్తామని వార్డెన్ చెప్పాడు. దాని కోసం ముగ్గురు రోజూ వచ్చి అడిగి పోతున్నారు.

మన చీరకు ఇద్దరు కూర్చోవాలి, ఒక్కడివల్ల కాదు. అది నాకు తెలియదా? కుడి పక్క నువ్వు, ఎడమ అంచు నాడె విసిరేందుకు నేను. అయినా నేను రాను. కోపం తెచ్చుకోకుండా చివరి దాకా చదువు.

పోయిన ఎండాకాలం నువ్వు చీరలు ఇచ్చి రావడానికి వనపర్తి పోయి మూడు రోజులు ఉన్నావు, గుర్తుందా? తిరిగొచ్చి కోటకొమ్మ అంచు మీద వేలు పెట్టి చూసి, "గిప్పుడు కుదిరింది తమ్మీ నీ చెయ్యి! నాయిన గూడ గిట్ల నెయ్యలే" అన్నావు. వీధిలో పదిమందికి చెప్పావు. ఆ అంచు నేను నేసింది కాదన్నా. వదిన నేసింది.

నాకప్పుడు పరీక్షలు. నాడె తప్పు పడుతుంటే చూసి, "నీ చెయ్యి ఈడ లేదు మరిదీ, కితాబుల ఉంది. నువ్వు మీ అన్న జాగల కూసో, నేను జర చూస్త" అని గుంటలో కాళ్ళు దింపింది. కుడి పక్క నేను తడబడుతుంటే ఎడమ పక్క ఆమె చెయ్యి ఒక్కసారి ఆగలేదు. నూలు కండెలు చుడుతూ ఆరేళ్ళు మన పనిని చూసిన కళ్ళు అవి. మన ఇంట్లో ఆడవాళ్ళు గుంటలో కూర్చోరు కదా, అందుకని ఎవరికీ చెప్పొద్దని ఒట్టు వేయించుకుంది. నేనేమో నువ్వు మెచ్చుకుంటే నోరు మూసుకుని మురిసిపోయాను. సిగ్గులేనివాణ్ణి. ఆ మెప్పే ఇప్పుడు నన్ను వెనక్కి పిలుస్తోంది.

చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతికినట్టు, నువ్వు రాజోలి దాకా పోయావు.

అమ్మ ఏమంటుందోనని వెనకాడకు. రెండో రోజు అమ్మ మమ్మల్ని చూసింది. కండెల బుట్ట తెచ్చి వదిన చేతికి అందేటట్టు పెట్టి, తలుపు దగ్గరికి వేసి పోయింది.

ఒట్టు తప్పినందుకు వదిన నన్ను తిడుతుంది. తిట్టనీ. ఈ ఉత్తరం ఆమె ముందర పైకి చదువు, ఒక్క ముక్క దాచకు. అమ్మ కాళ్ళకు నా దండాలు, పిల్లకు ముద్దులు.

సోమవారం పొద్దున నేను కొత్త షేర్వానీ వేసుకుని తరగతిలో హాజరు పలుకుతాను. అదే పొద్దున వదినను ఎడమ దిక్కు కూర్చోబెట్టు. ఇద్దరికీ మొదటి రోజే. ఇద్దరినీ దీవించు అన్నా.

నీ తమ్ముడు,
నర్సింహులు