ఆరు ఆవులు

తమ్ముడు ఒగ్వాంగ్‌కి,

ఒక్విర్‌తో నా విడాకుల కాగితం వచ్చింది. కానీ నా పెళ్ళికి వాళ్ళు మనకు ఓలిగా ఇచ్చిన ఆరు ఆవులూ తిరిగిస్తేనే తెగదెంపులైనట్టని ఒక్విర్ వాళ్ళ పెద్దలు తేల్చేశారు. ఆ ఆవుల్ని ఇచ్చే కదా నీకు అపిలిని చేసుకొచ్చాం! నువ్వు మాత్రం నీ మందలోంచి ఒక్కదాన్నీ తియ్యకు. "ఆడపడుచు కాపురం కూలి నా పిల్లల నోటికాడి పాలు పోయాయి" అని మరదలు అనకూడదు.

లీరా బజారులో నువ్వుల ముద్ద అమ్ముతున్నాను. ఇంటద్దె, పిల్లల ఫీజులు పోగా మిగిలింది పొదుపు సంఘం పెట్టెలో వేస్తున్నాను. ఇప్పటికి రెండు ఆవులు కొన్నాను. "ఇంకో నాలుగేళ్ళు పడుతుందే పిచ్చిదానా" అంటోంది పక్క కొట్టావిడ. పడనీ.

నా పెళ్ళికి ఆ ఆరింటినీ మనింటికి తోలుకొచ్చినప్పుడు నన్నెవరూ అడగలేదు. ఈసారి తాళ్ళు నేనే పట్టుకెళ్ళి వాళ్ళ దొడ్లో కట్టేసి వస్తాను.

అక్క