లిస్కా పాల తగాదా

చిరంజీవి విటాల్ నాయనకు,

ప్రాస్కోవ్యా బామ్మ దీవించి చెప్పి రాయిస్తున్నది. రాస్తున్నది పక్కింటి అదార్కా. ఊళ్లో చదువొచ్చింది దానికొక్కత్తెకే, ఏం చేయను? చెప్పింది చెప్పినట్టు రాయకపోతే కలం విరిచేస్తానన్నాను.

నీ యంత్రం అబద్ధమాడుతోంది. చెర్నోబిల్ అణుకేంద్రం పేలాక ఊరి పాలన్నీ విషం కొలవడానికి మీ పరిశోధనశాలకు పంపుతున్నాం. నా ఆవు లిస్కా పాలలో అది ఎక్కువుందని పారబోయించావు. అదార్కా ఆవు పాలు భేషన్నావు. రెండూ ఒకే పచ్చికలో మేస్తాయి కదా! దీని ఆవుకు ఎముకలు లెక్కపెట్టొచ్చు. (“అది రాయను” అంటోంది. రాయవే!) లిస్కా నాకు కన్నకూతురుతో సమానం. రోజూ వేడి కుడితిలో గరిటెడు పొయ్యి బూడిద కలిపి పెడతాను. ఎముక గట్టిపడుతుందని మా అత్తగారు చెప్పిన రహస్యం. ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు.

అన్నట్టు, నువ్వు ఇల్లిల్లూ తిరిగి పొయ్యి బూడిద అడుగుతున్నావట, ఇనప పీపాల్లో బిగించి కాంక్రీటు గోతుల్లో పూడుస్తావట. బూడిదకు సమాధి కట్టడానికా మీ అమ్మ నిన్నంత చదివించింది? నాది ఇవ్వను.

ఇది నవ్వులాట కాదు. పాలు పాసైతే గానీ మనవరాలు అలేస్యాను వేసవికి పంపనని కోడలు కబురంపింది. పోయినేడూ రాలేదు. దాని చిన్న కప్పు మేకుకే వేలాడుతోంది. ఆ మాట కోడలి ముందు అనను, నీకు చెబుతున్నాను. యంత్రం బాగు చేయించు.

ఇట్లు, కోపంతో,
ప్రాస్కోవ్యా (వేలిముద్ర)

విటాల్ నాయనకు,

నీ జవాబు అదార్కా చదివి వినిపించింది. అడవి కట్టెలోని విషమంతా కాలాక బూడిదలోనే మిగులుతుందనీ, దాన్ని నా చేత్తో నేనే ఆవుకు మేపాననీ రాశావు. ఆ రోజంతా నీతోనూ, చచ్చిపోయిన మా అత్తతోనూ పోట్లాడాను. మర్నాడు బూడిద మానేశాను. పాలు పాసయ్యాయి. అలేస్యా వచ్చింది. పాల మీసంతో నా ఒళ్లో కూర్చుని ఈ ఉత్తరం వింటోంది.

ఇక నా బూడిదంతా నీ పీపాకే. ఊరి బూడిద కూడా నేనే పోగుచేస్తున్నాను. ఎవరైనా తక్కువ తెస్తే, “మిగతాది ఎక్కడ దాచావే?” అని గడపలోనే నిలదీస్తున్నాను.

అసలు సంగతి విను. అదార్కా ఆవు పాలు పరీక్ష తప్పాయి. దొంగముఖం! మొదటి ఉత్తరం రాస్తూ నా రహస్యం పట్టేసి, నీ జవాబు వచ్చేదాకా తన ఆవుకు రెండేసి గరిటెలు పెట్టిందట, నా లిస్కాను మించిపోవాలని! ఇప్పుడు కలం పట్టుకుని ఏడుస్తోంది. కాగితం మీద తడి దానిదే. నువ్వు తిట్టకు నాయనా, తిట్టడానికి నేనున్నాను. దాని ఆవు కోలుకునేదాకా లిస్కా పాలలో సగం దానికే పోస్తున్నాను.

ఇట్లు, దీవెనలతో,
ప్రాస్కోవ్యా (వేలిముద్ర)

రాసినది అదార్కా. ఒక్క గరిటే పెట్టాను.