ఇంకా ఏమీ కాని కణాలు

జ్ఞానాంబక్కకు,

నాయన చెయ్యి ఇరిగిందని, మగ్గం ఆగిపోయిందని నువ్వు రాసింది సదివినా. నేనీడ తిరపతి కాలేజీ ల్యాబులో గాజుముక్కలు కడిగే పనిలో ఉండా. మొన్న మా సారు మైక్రోస్కోపులో హైడ్రాను సూపిచ్చినాడు. అది నీళ్లల్లో బతికే పురుగు, దారప్పోగు మాదిరుంటాది. ఒళ్లంతా చిన్నచిన్న గదుల్లాగా కణాలు. వాటి సందుల్లో గుండ్రటివి కొన్ని ఊరికే కూసోనుండాయి.

"ఇవేంది సార్, నా మాదిరి సోంబేరులా?" అని అడిగినా.

ఆయన నవ్వి, "సోంబేరులు కాదబ్బా, ఇంకా ఏమీ కాలేదు, అంతే. ఎరను కుట్టే కణమో, నరం కణమో, యాడ ఏది తక్కువైతే ఆడ అదైపోతాయి" అన్నాడు.

అప్పట్నించి నాకదే ఆలోచన.

శనివారం నగరి బస్సెక్కతా. నాయన చెయ్యి కూడేదాకా నేనే నేస్తా. "బడి మానేసినోడు, ఏ పనిలోనూ నిలవలేక ఇంటికే వచ్చినాడు" అని మాత్రం ఆయన నలుగుర్లో అనకుండా నువ్వే సూసుకోవాల.

నీ తమ్ముడు