రేపల్లె జట్టు వెంట

రేపల్లె,
డిసెంబరు, 1968.

చిరంజీవి సౌభాగ్యవతి జయలక్ష్మిని మీ అమ్మ మనసారా దీవించి రాస్తున్న ఉత్తరం. నా ఒంట్లో బాగానే ఉంది. భిలాయి చలికి తట్టుకుని నువ్వు, అల్లుడు పూర్ణచంద్రరావు గారు, చంటిది కులాసాగా ఉన్నారని తలుస్తాను. చంటిదానికి దగ్గు తగ్గకపోతే వాము వేయించి గుడ్డలో మూటకట్టి గుండెల మీద కాపడం పెట్టు.

నువ్వు దాని దగ్గు కంటే మన బాల్ బాడ్మింటన్ జట్టు సంగతే ఎక్కువ అడిగావు. అచ్చం మీ నాన్న పోలికే. జట్టు పెద్ద బసవపున్నయ్య గారు ఈ ఏడు కూడా పోటీలు మొదలైన దగ్గర్నుంచి గడ్డం గీయించుకోలేదు. రెహమాన్‌ని కెప్టెన్ని చేశారు. వాళ్ళమ్మ హుస్సేన్ బీ అతని జబ్బకు కొత్త తాయెత్తు కట్టింది. బాపట్లతో సెమీఫైనల్ ముందు ఊళ్ళో ఎవరూ 'గెలుస్తాం' అన్న మాట నోట రానివ్వలేదు. టీకొట్టు దగ్గర ఎవరో పొరపాటున అంటే చెంపలు వేయించారట.

జట్టు మన అరుగు మీద నుంచే బయల్దేరుతోందా అని అడిగావు. ఆ సంగతి నీకెప్పుడూ రాయలేదు. మీ నాన్న ఉన్నన్నాళ్ళూ వాళ్ళు ఇక్కడ మజ్జిగ తాగి కదిలేవారు కదా. ఆయన పోయాక కాలవగట్టు మీదుగా స్టేషనుకు పోవడం మొదలుపెట్టారు. నన్నెవరూ ఒక్క మాట అనలేదు. నేనే వాళ్ళు వెళ్ళే వేళకు తలుపు దగ్గరగా వేసుకునేదాన్ని. బొట్టులేని ముఖం ఎదురైతే ఆట పోతుందని వాళ్ళు అనుకుంటారని నాకు తెలుసు. మూడేళ్ళు అలా గడిచాయి.

బాపట్ల ప్రయాణానికి ముందురోజు సాయంత్రం రెహమాన్ వచ్చాడు. మెట్టు మీద కూర్చుని చాలాసేపు బ్యాటు తీగలు సవరించుకుంటూ ఉండిపోయాడు. తరువాత, రేపు ఇక్కడి నుంచే బయల్దేరతామన్నాడు. నేను వద్దన్నాను. ఓడిపోతే ఆ మాట నా మీదకు వస్తుంది నాయనా అన్నాను.

"ఓడిపోతే బంతి సరిగ్గా కొట్టలేదని చెబుతాం పిన్నిగారూ," అన్నాడు.

తెల్లారి మంచు ఇంకా విడవలేదు. అయిదుగురు ఆటగాళ్ళూ, వాళ్ళ వెనక అభిమానులూ ఆ మంచులోంచి ఒక్కొక్కరే వచ్చి అరుగెక్కుతుంటే పాతకాలం నడిచి వస్తున్నట్టే అనిపించింది. గ్లాసులు పట్టుకుని గడప దాటాను. బసవపున్నయ్య గారు ముఖం పక్కకు తిప్పుకున్నారు. రెహమాన్ అందుకుని తాగాడు. మిగతావాళ్ళూ తాగారు. ఆయన మాత్రం ముట్టుకోలేదు.

ఆ రోజు బాపట్లలో మనవాళ్ళు గెలిచారు.

ఇక చూడు. రెండు రోజులు తిరక్కుండానే బసవపున్నయ్య గారు వచ్చారు, మాసిన గడ్డంతో, చేతిలో అరటిపళ్ళతో. ఫైనల్సు తెనాలి జట్టుతో. అక్కడే వరసగా మూడు సాయంత్రాలు ఆటలు, రెండు గెలిచినవాళ్ళకు కప్పు. మూడు రోజులూ నేను అదే చీర కట్టుకుని, ఆ గడపలోంచే వాళ్ళకు ఎదురు రావాలట. ఆయన అంత వినయంగా అడుగుతుంటే నాకు నవ్వూ వచ్చింది, దిగులూ వేసింది. ఒక్క ఆట గెలిచేసరికి మంచి శకునాన్నయ్యాను. ఒక్కటి ఓడితే మళ్ళీ తలుపు వేసుకోవాలి.

"ఎదురు రానండి అన్నయ్యగారూ," అన్నాను. "మీతో పాటే వస్తాను. ఆట చూస్తాను."

ఆయన అరటిపళ్ళు అరుగు మీద పెట్టేశారు. ఆడవాళ్ళెవరూ రారన్నారు. హుస్సేన్ బీని తోడు తెచ్చుకుంటానన్నాను. అప్పటికి ఆమెను అడగనేలేదు. అడిగితే, కొడుకు ఆట తనూ ఎన్నడూ చూడలేదని చెప్పి, వెంటనే తలదువ్వుకోవడం మొదలుపెట్టింది.

కోసిన చేల మధ్యగా రైలు పోతుంటే వరికుప్పలు మంచులో పడుకున్న ఏనుగుల్లా కనిపించాయి. తెనాలిలో గుంజకు కట్టిన తాడు పక్కన మాకు బల్ల వేశారు. ఆ పసుపుపచ్చ ఉన్నిబంతి, జయా, ఎంత చిన్నదో. గాలి వీస్తే గాల్లోనే కాస్త ఆలోచించుకుని దిగినట్టు ఉంటుంది. పొద్దు వాలేకొద్దీ మనుషులు మసకబారారు. బంతి ఒక్కటే వెలుగుతూ ఇటూ అటూ పోతోంది. హుస్సేన్ బీ నా చెయ్యి పట్టుకుని వదల్లేదు.

మొదటి ఆట పోయింది. బసవపున్నయ్య గారు నావైపు చూడకుండా ఉండటానికి చాలా కష్టపడ్డారు. రెండోది గెలిచాం. మూడోరోజు మనవాళ్ళు రెండు పాయింట్ల తేడాతో ఓడిపోయారు. రెహమాన్ చివరి బంతిని నెట్టుకు కొట్టాడు.

తిరుగు రైలెక్కాం. దుఃఖం మాట దేవుడెరుగు, నాకు భయమే ఎక్కువైంది. నా వల్లే ఓడామని ఎవరైనా అంటారేమోనని. బసవపున్నయ్య గారు లేచి వచ్చి మా ఎదురుగా కూర్చున్నారు.

"చెల్లెమ్మా, ఆ చివరి బంతి కాస్త పైకెత్తాల్సింది కదూ?" అన్నారు.

ఆయన నన్ను శకునం సంగతి అడగలేదు. ఆట సంగతి అడిగారు. ఎత్తి కొడితే వెనకున్నవాళ్ళు అందుకునేవాళ్ళు, నెట్టు దగ్గరే మెల్లగా జారవిడిస్తే సరిపోయేదన్నాను. ఆయన ఆలోచించి, నిజమేనన్నారు. ఇల్లు చేరేదాకా ఇద్దరం అదే మాట్లాడుకున్నాం. రెహమాన్ కూడా ముఖం తుడుచుకుని వచ్చి విన్నాడు.

ఒక్క సంగతి మిగిలింది, ఇందాకటి నుంచీ రాయాలా వద్దా అని ఆగుతున్నాను. ఇన్నేళ్ళు వాళ్ళకు మజ్జిగిచ్చి పంపానే గాని, మీ నాన్నతో ఒక్కరోజు కూడా ఆటకు పోలేదు. ఆయన రమ్మనలేదు, నేనూ అడగలేదు. తెనాలిలో రెండో ఆట జరుగుతున్నంతసేపూ మీ నాన్న నాకు గుర్తుకు రాలేదమ్మా. ఆయన పోయాక అంతసేపు గుర్తురాకపోవడం అదే మొదలు. ఆట అయ్యాక తెలిసి భయపడ్డాను. తప్పు చేశాననుకుని ఏడుద్దామనుకుంటే ఏడుపు రాలేదు. నా కళ్ళకు ఆ బంతి ఇంకా గాలిలో ఆగి ఉన్నట్టే ఉంది, నేను చూస్తూనే ఉన్నాను.

నువ్వేమీ అనుకోకు. పిల్లదాన్ని నా బదులు ముద్దాడు.

ఇట్లు,
నీ క్షేమం కోరే అమ్మ
మాణిక్యాంబ