మిగిలిపోయిన సగం సినిమా

గుత్తి,
ఆదివారం.

అమ్మకు, నీ చిన్నకూతురు ఈశ్వరి దండం పెట్టి రాస్తున్నది. ఇక్కడ నేను, నాయన, మన నూట పది గొర్రెలు, కుక్కతో సహా అందరం బాగున్నాం. బెంగుళూరులో నువ్వు, జయంతక్క, పసిబిడ్డ బాగున్నారని తలుస్తాను. ఫోనుండగా జాబు ఎందుకంటావేమో. ఫోనులో అయితే సగంలోనే తిట్లు మొదలుపెడతావు. నువ్వు కూడబలుక్కుని చదువుతావు కాబట్టి, చివరికి వచ్చేసరికి కోపం కాస్త తగ్గుతుందని ఆశ.

నాయన మోకాలు ఎలా ఉందని అడిగావు. పరవాలేదు, రోజూ నూనె రాస్తున్నాను. నా సంకటి ఇప్పుడు గడ్డలు కట్టడం లేదు, నాయన కూడా ఒప్పుకున్నాడు. ఇక గొర్రెలను అమ్మేశారా అన్నావు. అమ్మలేదమ్మా. జయరాం మామ తన బోరు తొట్టి దగ్గరికి మళ్లీ రానిచ్చాడు. రెండేళ్లుగా నీళ్లకని రోజూ మూడు కిలోమీటర్లు నడిచిన మంద మొన్నటి నుంచి ఇంటి పక్కనే తాగుతోంది. గొర్రెలు కొనడానికి సోమవారం వస్తానన్న వ్యాపారిని నాయనే రావద్దన్నాడు.

ఇదెలా జరిగిందో చెప్పాలంటే ముందు ఒక సినిమా సంగతి చెప్పాలి. కౌబాయ్ సినిమా. జాబు పక్కన పడేయకు. "గుర్రాలు, దుమ్ము, తుపాకులు, ఎవడు ఎవణ్ణి ఎందుకు చంపుతాడో" అని నువ్వు మూతి తిప్పుకుంటావని తెలుసు. దుమ్ము ఇందులోనూ ఉంది, కానీ అది మన దుమ్ము లాంటిదే. నేను చూసినంతలో తుపాకీ రెండే సార్లు పేలింది, రెండుసార్లూ ఆకాశంలోకే. హీరో గొర్రెలు కాసే ముసలాయన. ఆయన భార్య రొట్టె కాలుస్తూ మొగుణ్ణి తిట్టే తిట్లు వింటే నువ్వే గుర్తొస్తావు. వానలు లేని ఏడు, గొర్రెలు ఒక ఆవులాయన గడ్డిలో పడ్డాయని అతను తన నీటి ఊట చుట్టూ కంచె వేసేస్తాడు. అంతే కథ. నా స్నేహితుల్లో ఒక్కరూ దీన్ని చూడలేదు. కౌబాయ్ సినిమాలంటే పడనివాళ్లే ముందు చూడాలంటాను.

మొన్న మధ్యాహ్నం మంద వేపచెట్ల నీడలో పడుకున్నప్పుడు నాయనకు ఫోనులో చూపించాను. మాటలు ఇంగ్లీషు, నేను తెలుగులో చెబుతూ పోయాను. సగానికి వచ్చేసరికి నాయనకు విసుగొచ్చింది.

"ఏమప్పా వీళ్లు, ఇంతదానికి తుపాకులు యాల? ఆ గొర్రెల్ని నాలుగు రాత్రులు వాని నేలలో నిలిపింటే ఎరువన్నా పడుతుండె. తప్పయిందప్పా అని ఒక్క మాటంటే వాడే నీళ్లిస్తుండె."

ఆ మాట వినగానే నేను ఫోను ఆపేశాను.

ఇక రాయాల్సింది రాస్తాను. రెండేళ్ల కిందట మీరిద్దరూ కణేకల్ పెళ్లికి పోయిన రోజు మన గొర్రెలు జయరాం మామ శెనక్కాయ చేనులో పడ్డ మాట నిజం. నేను ఇదే సినిమా చూస్తూ కూర్చున్నాను. మామ దూరం నుంచి చూసి కేక వేస్తే, గొర్రెలను బయటికి తోలేసి, అవి మనవి కావని మీకు అబద్ధం చెప్పాను. నా మాట నమ్మి నాయన చౌడమ్మ గుడి ముందు కర్పూరం ఆర్పి ప్రమాణం చేశాడు. జయరాం మామ మన మందను తొట్టి దగ్గరికి రానివ్వడం మానేశాడు, నువ్వు అతని భార్య బయమ్మత్తతో మాటలు మానేశావు. సినిమాలో మిగిలిన సగం చూడడానికి నాకు ఈ రెండేళ్లూ మనసొప్పలేదు.

ఇదంతా ఆ వేపచెట్టు కిందే నాయనకు చెప్పాను. "అమ్మవారి ముందర నాతో అబద్ధం ఆడిస్తివే పాపా" అన్నాడు. కొట్టినా అంత నొప్పి ఉండేది కాదు. తర్వాత కర్ర తీసుకుని, "లెయ్, పోదాం పా" అన్నాడు.

జయరాం మామ తొట్టి కడుగుతున్నాడు. నాయన నన్ను నోరు తెరవనివ్వలేదు. "జయరామా, ఆ పొద్దు నీ చేన్లో పడింది మా గొర్రెలే. నేను చేసిన ప్రమాణం తప్పు. చేను ఖాళీగా ఉండాది గదా, వారం రోజులు మంద నిలుపుతా. ఎరువుకు బదులుగా నాకు గింజలేం వద్దు."

మామ చీపురు పక్కన పెట్టాడు. "శెనక్కాయ పోతే పోయింది తిప్పయ్యన్నా. ఊర్లో నన్ను అబద్ధాలోన్ని జేస్తిరి. ఈ మాట కోసరమే కాసుకోని ఉండా. తోలుకోని రా, తాగనీ."

ఆ రోజు ఒక ముద్ద ఎక్కువ తిన్నాను. గుండె మీద బండ దిగిపోయిందమ్మా. నిన్న గుడికి పోయి ఇద్దరం తప్పు చెప్పుకున్నాం.

మిగిలిన సగం సినిమా నువ్వొచ్చాకే చూడాలని నాయన పట్టు. బయమ్మత్తనూ రమ్మన్నాను. "మీయమ్మ వచ్చి పిలిస్తే వస్తా" అంది. నన్ను తర్వాత తిడుదువుగానీ, బస్సు దిగగానే ముందు ఆమె ఇంటికి పో. ఈసారి మంద దొడ్లోకి చేరి, తడిక నా చేతులతో కట్టాకే ఫోను తెరుస్తాను.

ఇట్లు,
నీ తిట్ల కోసం ఎదురుచూసే చిన్నకూతురు,
ఈశ్వరి