దగ్గు దాచిన రోజు

ఆదివారం

కబాలేలో ఉన్న మా కెంబాబాజి అక్కకు,

కాళ్లు ఒక్కచోట నిలవడం లేదు. చేతులకైనా పని చెబుదామని రాస్తున్నాను. కరుంగి అని మేం పేరు పెట్టుకున్న ఆడ గొరిల్లా ఉంది కదా, దాని బిడ్డ నాలుగు రోజులుగా దగ్గుతోంది. అచ్చం మనిషి బిడ్డలాగే. ఆ దగ్గు అంటించింది నేనే అక్కా.

జలుబు చేసినవాడు అడవిలో అడుగు పెట్టకూడదని నియమం. ఇంట్లో ఉంటే ఆ రోజు కూలి రాదు. జలుబుతోనే నేను వెళ్లింది మాత్రం కూలి కోసం కాదు, పొగరుతో. కరుంగి ఉండే గుంపును మాలిమి చేయడానికి నాకు రెండేళ్లు పట్టింది. నేను లేకుండా దాని జాడ ఎవడూ పట్టలేడని నా గొప్ప. ఆ పొద్దున మా జాడ పట్టేవాళ్ల పెద్ద బరిగ్యే "ఎవడికైనా జలుబుందిరా?" అంటే, అల్లం ముక్క బుగ్గన పెట్టుకుని తల అడ్డంగా ఊపాను. పక్కన ఇంకో ఇద్దరు గొంతు సవరించుకున్నారు. బరిగ్యే తన ముక్కు తానే తుడుచుకున్నాడు.

ఇప్పుడు అడవి జంతువులను చూసే డాక్టర్ నాలుబేగ గొరిల్లాల పేడ, నమిలి పారేసిన ఆకులు ఏరి పరీక్షకు పంపుతోంది. గొరిల్లాలను చూడ వచ్చే యాత్రికుల వల్ల వచ్చిందనుకుంటోంది. మేం రోజూ పైకి ఎక్కుతూనే ఉన్నాం. నిజం చెబితే నా పని పోతుంది. యాత్రికులను ఆపేస్తారు. వాళ్ల టికెట్లలో ఊరి వాటాతో కడుతున్న ఆసుపత్రి మొండిగోడలతో ఆగిపోతుంది. ఊరంతా నన్నే దుమ్మెత్తిపోస్తుంది. చెప్పకపోతే ఆ పసిదాని గతి? ఏం చేయమంటావు?

నీ తమ్ముడు,
తుర్యతుంగ

*

పదిహేను రోజుల తర్వాత

అక్కా,

"చెప్పి చావరా, లేకపోతే నా గడప తొక్కకు" అన్న నీ ఉత్తరం నిన్న అందింది. నేను నీకు రాసిన మర్నాడు, ఆ సోమవారమే అందరి ముందూ చెప్పేశాను. మిగతా ముగ్గురూ నేల చూపులు చూశారు.

"ఇంట్లో ఉంటే కూలి ఇస్తారా మీకు?" అంది డాక్టరమ్మ.

"ఇవ్వరమ్మా."

"మరి నిజం ఎవడు చెబుతాడయ్యా!" అని తల పట్టుకుంది.

సూదిమందులు తుపాకీతో కొట్టి తక్కిన గుంపును కాపాడింది. యాత్రికులను నెల రోజులు ఆపారు. నన్ను తీసేశారు. ఆమె పోట్లాడి, ఇకపై పనివాళ్లకు జలుబు చేసిన రోజుకూ కూలి వచ్చేలా చేసింది.

ఈ పొద్దున బంగాళాదుంపలు తవ్వుతుంటే ముగ్గురూ కొండ దిగి వచ్చారు. "జలుబని చెప్పేశాంరా! నీ పుణ్యమా అని ఇంట్లో పడుకున్నా కూలి వస్తుంది. దా, జొన్న బుషేరా తాగుదాం" అన్నాడు బరిగ్యే. నాకు నవ్వు రాలేదు. పార గిరాటేసి, ఇంట్లోకి పోయి ఏడ్చాను.

పని పోయినందుకు కాదు. మొన్న బుధవారం పసిది పోయింది. కరుంగి దాన్ని ఇంకా చంకలోంచి దించలేదట.

నీ
తుర్యతుంగ